రెండడుగుల గోడకు భయమెందుకు?

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా మామగారి తండ్రి కట్టించిన మట్టి మిద్దెలో ఉంటున్నాం. గోడలు రాతివి, మట్టి అడుసుతో కట్టినవి, మందం రెండడుగులు. పడసాల, రెండు గదులు. తూర్పు గోడలో కిటికీ మూల నుంచి ఇంటి మూల వైపు ఏటవాలుగా బీట వచ్చింది. పైన వేలు దూరుతుంది, కిందికి వచ్చేసరికి సన్నం. ఉత్తరం గోడ మధ్యలో కొంచెం పొట్ట వచ్చినట్టుంది. మా మరిది పెళ్లి మాఘంలో పెట్టుకున్నాం, ఆలోపు మిద్దె మీద ఒక గది వేద్దామని ఇంట్లో అంటున్నారు. ఒక బేల్దారి నాలుగు మూలలా పిల్లర్లు లేపితే చాలంటాడు. ఇంకొకాయన గోడలన్నిటికీ లోపలా బయటా సిమెంటు జాకెట్ వేయాలంటాడు. మా మామ మాత్రం "రెండడుగుల గోడకు ఏమవుతుంది, మన సీమలో భూకంపాలెక్కడివి" అంటున్నారు. గోడలు పక్కనుంచి వచ్చే తోపుకు పగలకుండా ఏం చేయాలి? ఎవరి మాట వినాలి?

సమాధానం:

అమ్మా, మొదట పై గది సంగతి తేల్చేద్దాం. వద్దు. మట్టి అడుసు గోడ మీద ఇంకో అంతస్తు ఎక్కించమని ఏ ఇంజనీరైనా సంతకం పెట్టి ఇస్తే, ఆ సంతకాన్ని కూడా నమ్మకండి. పక్కన జాగా ఉంటే అక్కడ విడిగా పునాది తీసి వేసుకోండి. ఇక ఉన్న ఇంటి మాట.

మీ మామగారి మాటలో సగం నిజముంది. పైనుంచి కిందికి దిగే బరువు మోయడంలో ఆ గోడను మించింది లేదు. ఇన్నేళ్లు మిద్దెను మోసింది, ఇంకా మోస్తుంది. చిక్కంతా పక్కనుంచి తోసే బలంతోనే. అక్కడ మందం ఒక్కటే అక్కరకు రాదు, ఎందుకంటే మీ రెండడుగుల గోడ చాలావరకు ఒకే గోడ కాదు. బయటి ముఖానికి ఒక వరస పెద్ద రాళ్లు, లోపలి ముఖానికి ఇంకో వరస, నడుమ చిల్లరాళ్లు, మట్టి. ఈ వరస నుంచి ఆ వరస దాకా అడ్డంగా పోయే పొడుగు రాళ్లు అక్కడక్కడ పెట్టి ఉంటే అది ఒక గోడ. పెట్టకపోతే ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ రెండు సన్నగోడలు. ఉత్తరం గోడకు పొట్ట వచ్చిందన్నారే, బయటి వరస లోపలి వరసను వదిలి బయటికి జరుగుతోందని దానర్థం. రాతిగోడల గురించిన మన ప్రమాణం ఐ.ఎస్. 13828 ఈ పొడుగు రాళ్లు నిలువునా 60 సెంటీమీటర్లకు ఒకటి, అడ్డంగా 1.2 మీటర్లకు మించని దూరంలో ఒకటి ఉండాలంటుంది.

మీ గోడలో అవి ఉన్నాయో లేవో చూడటం కష్టం కాదు. చిన్న సుత్తితో గోడ పొడవునా తట్టుకుంటూ పోండి. గట్టిగా పలికిన చోట సరే. డొల్లగా పలికిన చోట సుద్దముక్కతో గుండ్రంగా గీయండి. దీపాలు పెట్టే గూళ్లు ఉంటాయి కదా, వాటిలో ఒకదాని పక్క చెక్కు రాల్చి టార్చి వేసి చూస్తే గోడ కడుపులో ఏముందో కళ్లారా కనిపిస్తుంది.

"మరి గండికోట గోడలు ఇన్ని వందల ఏళ్లుగా నిలబడలేదా?" అని మామగారు అడుగుతారు, మీ వైపు ఎవరైనా అడుగుతారు. అవి కొలతకు చెక్కి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టిన పెద్ద రాళ్లు. మన ఇళ్లలోవి చేలో ఏరుకొచ్చిన గుండ్రాళ్లు. రెండింటినీ ఒకే లెక్కలో వేయకూడదు.

తోపు వచ్చినప్పుడు జరిగేదేమిటో తెలిస్తే ఎవరు చెప్పేది సరైనదో మీరే పోల్చుకోగలరు. ఇల్లు తూర్పు పడమరలుగా ఊగిందనుకోండి. ఆ దిక్కులో పొడవుగా ఉన్న గోడలు తోపుకు ఎదురు నిలుస్తాయి, దాన్ని పునాదికి దించుతాయి. వాటిలో ఏటవాలు పగుళ్లు వస్తాయి. అటూ ఇటూ ఊపు కాబట్టి ఒక పగులు మీద ఇంకోటి అడ్డంగా పడి గుణకారం గుర్తులా కనిపిస్తాయి. ఇంజనీర్లు షియర్ అనేది దీన్నే. ఆ దిక్కుకు అడ్డంగా ఉన్న గోడల పరిస్థితి ఇంకా చెడ్డది. వాటిని పక్క గోడలు, పైకప్పు పట్టుకోకపోతే నిలువునా బయటికి పడిపోతాయి. ఏటవాలుగా పగిలిన గోడ కప్పును ఇంకా మోస్తూనే ఉండవచ్చు. విడిపోయి పడే గోడ కప్పును కూడా మనుషుల మీదికి తెస్తుంది. అందుకే నేను గోడ బలం కంటే గోడల మధ్య పట్టు గురించే ఎక్కువ మాట్లాడతాను.

మిద్దె బరువు గోడను నొక్కిపెట్టి గట్టిగా ఉంచుతుందని కొందరు బేల్దార్లు అంటారు. రాయికీ రాయికీ మధ్య రాపిడి పెరిగేమాట నిజమే. కానీ భూమి ఊగినప్పుడు పుట్టే తోపు కూడా ఆ బరువును బట్టే పెరుగుతుంది. కాబట్టి లాభమేమీ మిగలదు. పైగా ఆ బరువంతా గోడల నెత్తిన ఉంటుంది. ఇక మట్టి అడుసు ఎండి ఉన్నంతసేపే రాళ్లను పట్టుకుంటుంది. గవాచి (మిద్దెలో వెలుతురు కోసం వదిలే కంత) పక్క నుంచి కారిన నీళ్లో, స్నానాల గది నీళ్లో గోడలోకి ఇంకితే ఆ పట్టు కూడా పోతుంది.

ఇక భూకంపాల మాట. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారి దగ్గర భూమి కంపించింది. తీవ్రత 6కు కాస్త పైన, అంటే ప్రపంచ లెక్కల్లో మహా పెద్దదేం కాదు. దాదాపు 10 వేల మంది చనిపోయారు. అక్కడి ఇళ్లు ఎలాంటివో తెలుసా? మట్టి అడుసు రాతి గోడలు, వాటి మీద దూలాలు, పైన మందంగా మట్టి. అచ్చం మీ ఇంటి లాంటివే. అప్పటి భూకంప ప్రమాద పటంలో ఆ ప్రాంతం ఒకటో జోన్‌లో, అంటే అన్నిటికంటే భయం తక్కువ ఉన్న చోట ఉండేది. ఆ తర్వాత 2002లో సవరించిన పటంలో ఒకటో జోన్ అనేదే తీసేశారు. ఆ పటంలో కడప, కర్నూలు, అనంతపురం జిల్లాలు చాలావరకు రెండో జోన్‌లోకి వచ్చాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు. రెండో జోన్ అంటే తక్కువ ప్రమాదమే, కానీ ప్రమాదం లేదని కాదు.

ఎంత తోపుకు తట్టుకోవాలో కూడా చెబుతాను. భూకంపపు తోపు లెక్కలు చెప్పే ప్రమాణం, 2016 నాటి ఐ.ఎస్. 1893 ప్రకారం రెండో జోన్‌లో, కమ్మీలూ పట్టీలూ ఏవీ లేని మామూలు గోడల ఇంటికి, ఇంటి బరువులో సుమారు 8 శాతం పక్కతోపు వస్తుందని లెక్క వేస్తారు. రెండడుగుల మందం, పదకొండు అడుగుల ఎత్తు ఉన్న రాతిగోడ ఒక్కో అడుగు పొడవుకు టన్నున్నరకు దగ్గరగా తూగుతుంది. మిద్దె మీద అడుగు మందం మట్టి ఉంటే చదరపు మీటరుకు 500 కిలోలు. పదహారు పన్నెండడుగుల గది ఒక్కదాని మీదే 9 టన్నులు! ఏటా వానలకు ముందు కారకుండా వేసిన చౌడు మట్టి, తాతల నాటి నుంచి పొర మీద పొర పేరుకుని ఇంతయింది. ఒక మూల చిన్న గుంట తీసి స్కేలు పెట్టి కొలవండి, మందం చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ఇంతా చెప్పాక, మీ తూర్పు గోడ బీట భూకంపం వల్లో, పక్కతోపు వల్లో వచ్చిందని నేను అనుకోవడం లేదు. పైన వెడల్పు, కింద సన్నం, ఒకే వైపు ఏటవాలు, ఇంటి మూల వైపు దిగడం: ఇది మూల కుంగుతున్న గుర్తు. మీ ప్రాంతంలో నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. గోడల కింద, ముఖ్యంగా మూలల దగ్గర, నేల ముందుగా ఎండిపోతుంది. మధ్యలో ఇంటి నీడలో తేమ నిలుస్తుంది. మూల దిగుతుంది, నడుమ దిగదు, కిటికీ మూల దగ్గర గోడ పగులుతుంది. ఆ మూలకు దగ్గరగా వేపచెట్టు ఏమైనా ఉందా? మీ ఉత్తరంలో చెట్టు మాట లేదు, ఒకసారి చూడండి. వేసవిలో దాని వేళ్లు నేలలోని తేమనంతా లాగేస్తాయి.

కాబట్టి బీటలో సిమెంటు కూరడానికి తొందరపడొద్దు. బీటకు అడ్డంగా రెండు మూడు చోట్ల సన్నటి గాజు ముక్కలు, రెండు చివర్లా సిమెంటు ముద్దతో అతికించి, పక్కన తేదీ రాయండి. బీట కింది కొస ఎక్కడ ఆగిందో పెన్సిలుతో గీత పెట్టండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోంది. వానల్లో బీట మూసుకుంటూ, ఎండలకు తెరుచుకుంటూ ఉంటే దోషం నేలది. గోడకు ఎన్ని పట్టీలు వేసినా అది ఆగదు. అలాంటప్పుడు ముందు చేయాల్సింది నీటి పని. చూరు నీళ్లు, స్నానాల నీళ్లు గోడ వారన పడకుండా కాలువ తీయించండి. ఇంటి చుట్టూ నాలుగైదు అడుగుల వెడల్పున, బయటికి వాలు ఉండేలా చప్టా వేయించండి. చప్టాకూ గోడకూ మధ్య సందు తారుతో మూయించండి. చెట్టుంటే కొట్టేయమనను. వేరుకూ గోడకూ మధ్య లోతుగా ఒక అడ్డుగోడ వేయించవచ్చు. నిండుగా పెరిగిన చెట్టును ఒక్కసారిగా కొట్టేస్తే నేల మళ్లీ తేమ పట్టి ఇంకోవైపు ఉబ్బుతుంది, అదో కొత్త తంటా.

బీట కదలడం ఆగిందని తేలాకే గోడ పని. అందులోనూ మొదటిది గోడ మీద కాదు, మిద్దె మీద. మట్టి దించండి. పూర్తిగా తీసేసి పైన రేకులు వేసుకోవచ్చు. ఇష్టం లేకపోతే అడుగు మందం మట్టిని బెత్తెడుకు తగ్గించి, కింద నీళ్లు దిగని పొర వేసుకోవచ్చు. ఇంతకంటే తక్కువ ఖర్చులో ఇంతకంటే ఎక్కువ మేలు చేసే పని ఇంకోటి లేదు. దించేటప్పుడు ఒక పక్కే తవ్వి ఇంకో పక్క కుప్ప పోయకూడదు. రెండు వైపుల నుంచీ సమానంగా దించాలి. దూలాల కింద గుంజలు ఆసరా పెట్టి మొదలుపెట్టాలి. దూలాలు గోడ మీద ఊరికే ఆని ఉంటాయి, వాటిని ఇనుప పట్టీలతో గోడకు బిగించాలి. దూలాల మీద దంతెలను మేకులతో, అడ్డంగా ఏటవాలు కర్రలతో కలిపితే కప్పు మొత్తం ఒక్కటిగా కదులుతుంది. నాపబండలు పరిచిన కప్పయితే బండలకు బండలకు మధ్య పట్టు ఉండదు. వాటి మీద సన్న జాలీ పరిచి ఒకటిన్నర అంగుళం కాంక్రీటు పోస్తే సరిపోతుంది, కానీ అంత బరువు పైనున్న మట్టిలోంచి తగ్గించాలి.

తర్వాత ఉత్తరం గోడ. పొట్ట బాగా వచ్చి, తూకుగుండు వేలాడదీస్తే మందంలో పదోవంతుకు పైగా బయటికి ఉందని తేలితే ఆ ముక్క విప్పి మళ్లీ కట్టడమే మేలు. అంతకంటే తక్కువైతే రెండు వరసలనూ కుట్టవచ్చు. కుట్టడం ఎలాగో బేల్దారికి ఇలా చెప్పండి. సుద్దతో గీసిన డొల్ల చోట్ల, నిలువునా రెండడుగులకు, అడ్డంగా మూడు నాలుగడుగులకు ఒకటి చొప్పున, ఒకదాని నెత్తిన ఒకటి రాకుండా గుర్తులు పెట్టాలి. ఒక్కో గుర్తు దగ్గర ఒక రాయిని సుత్తితో బాదకుండా, సన్న గడ్డపారతో చుట్టూ మట్టి గీకి మెల్లగా ఊడదీయాలి. అటు వైపు కూడా అలాగే. నడుమ 3 అంగుళాల రంధ్రం, రెండు ముఖాల దగ్గర అది కొంచెం వెడల్పు. రంధ్రాన్ని తడిపి, రెండు కొసలా కొక్కెం వంచిన 8 ఎంఎం కమ్మి పెట్టి, కాంక్రీటు కూరి, కనీసం పది రోజులు నీళ్లు పట్టాలి. కమ్మి గోడ బయటికి తొంగి చూడకూడదు, చూస్తే తుప్పు పడుతుంది. ఒకే రోజు పది రంధ్రాలు తెరవనివ్వకండి. రెండో మూడో తెరిచి, నింపి, గట్టిపడ్డాక తర్వాతవి.

ఆ తర్వాత పట్టీలు. చొప్ప మోపుకు తాడు ఎంతో, ఇంటికి ఈ పట్టీ అంత. ద్వారబంధాల నెత్తిన, కప్పు కింద, ఇంటి చుట్టూ ఎక్కడా తెగకుండా, లోపలా బయటా అడుగు వెడల్పున వెల్డ్ మెష్ జాలీ (నిలువు, అడ్డం తీగలను వెల్డింగ్‌తో అతికించిన గట్టి జాలీ). మూలల్లో పైనుంచి కింది దాకా నిలువు పట్టీ. కిటికీలు, తలుపుల చుట్టూ కూడా ఉంటే మంచిది. పని వరస ఇది: ఆ పట్టీ మేర పాత పూత ఊడగొట్టి, రాళ్ల సందుల్లో మట్టిని అర అంగుళం లోతు గీకి, తీగ బ్రష్‌తో దులిపి, తడిపి, సిమెంటు పాలు పూయాలి. ఒక వంతు సిమెంటుకు మూడు వంతుల ఇసుక కలిపి అర అంగుళం మొదటి పూత వేసి గరుకుగా వదలాలి. అది పచ్చిగా ఉండగానే 15 సెంటీమీటర్ల మేకులతో అడుగుకొకటి చొప్పున జాలీ బిగించి, దాని మీద రెండో పూత వేయాలి. జాలీ ముక్కలు కలిసే చోట ఒకదాని మీద ఒకటి అడుగు మేర ఎక్కాలి. లోపలి పట్టీని, బయటి పట్టీని గోడలోంచి పోయే కమ్మీలతో కలపకపోతే రెండూ వేటికవే ఊడిపోతాయి. మీ గదుల పొడవును బట్టి తీగ మందం, పట్టీ వెడల్పు ఎంతన్నది ఇళ్ల మరమ్మతు, బలోపేతం గురించిన ప్రమాణం ఐ.ఎస్. 13935లో పట్టికలున్నాయి, ఇంజనీరును అవి చూసి రాసివ్వమనండి. ఒక్కమాట గట్టిగా పట్టుకోండి: బేల్దారి చికెన్ మెష్ (కోళ్ల గూళ్లకు వేసే సన్న తీగ జాలీ) తెస్తే వెనక్కి పంపండి. అది పూత పగలకుండా ఉండటానికి, గోడ పగలకుండా ఉండటానికి కాదు. కొట్టులో రెండూ పక్కపక్కనే ఉంటాయి, ధరలో తేడా చూసి చాలామంది ఇక్కడే మోసపోతారు.

బీటలను పూడ్చే పని పట్టీలకు ముందే. సన్న బీటకు నీళ్లంత పలచగా కలిపిన సిమెంటు పాలు కింది నుంచి పైకి ఎక్కించాలి. వేలు దూరేంత వెడల్పు ఉన్న దానికి చిన్న రాతి పలుకులు గట్టిగా దూర్చి సిమెంటు అడుసు కూరాలి.

ఇప్పుడు మీ ఇద్దరు బేల్దార్ల సంగతి. నాలుగు మూలల్లో పిల్లర్లంటే మూలలు పగలగొట్టాలి. రెండు గోడలు కలిసి ఒకదాన్నొకటి పట్టుకునే చోటే మూల, గోడలో అన్నిటికంటే విలువైన చోటు. దాన్ని తీసి అక్కడ పిల్లరు నిలబెడితే గోడలు రెంటికీ పట్టు పోతుంది. పైగా ఆ పిల్లర్ల పునాది నల్లరేగడిలో నాలుగడుగులు తీస్తే చాలదు. ఈ నేల కదలిక ఆగాలంటే మూడున్నర మీటర్ల దాకా దిగాలి, లేదా కింద ఉబ్బు ఉండే పైల్స్ (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) వేయాలి. అంత పెట్టేవాళ్లు కొత్త ఇల్లే కట్టుకోవచ్చు. జాకెట్ ఆయన మాటలో దారి సరైనదే, కొలత ఎక్కువైంది. ఇల్లంతా సిమెంటు కప్పేస్తే నేలలోంచి గోడలోకి ఎక్కే తేమకు బయటికి దారి ఉండదు. లోపల మట్టి అడుసు నానుతుంది, అడుగు దగ్గర ఉప్పు పట్టి పూత రాలుతుంది. పట్టీలు వేసిన మేర సిమెంటు, మిగతా చోట్ల సున్నం. ఖర్చు కూడా తగ్గుతుంది.

తలుపులు, కిటికీల విషయంలో కొంచెం పట్టుదలగా ఉండండి. కూలరు కోసమని మూల పక్కనే గోడ తొలుస్తుంటారు, మీ ఇంట్లో కూడా ఎవరికో ఆ ఆలోచన వచ్చే ఉంటుంది. మూల నుంచి రెండడుగుల లోపల ఏ తొర్రా వద్దు. రెండు కిటికీల మధ్య కనీసం రెండడుగుల గోడ మిగలాలి. ఒక గోడలో తలుపులు, కిటికీల వెడల్పులన్నీ కలిపితే ఆ గోడ పొడవులో సగం దాటకూడదు. వాడని గూళ్లు ఉంటే రాయి పెట్టి మూయించేయండి. మిద్దె మీద పిట్టగోడ ఎత్తుగా ఉంటే సగానికి దించండి, ఊగినప్పుడు అన్నిటికంటే ముందు వీధిలో పడేది అదే.

మాఘానికి ఇవన్నీ కావు. గాజు ముక్కలు ఈ వారమే అతికించండి. కాలువ, చప్టా వెంటనే మొదలుపెట్టవచ్చు. వానలు వెనకబట్టాక మట్టి దించడం, దూలాలు బిగించడం పెళ్లిలోపు అయిపోతాయి. కుట్లు, పట్టీలు పెళ్లయ్యాక, ఇంట్లో చుట్టాలు లేనప్పుడు పెట్టుకోండి. అప్పటిదాకా ఉత్తరం గోడ వారన ఎవరికీ పడకలు వేయొద్దు. పెళ్లి పందిరి తాళ్లు కూడా ఆ గోడకు కట్టనివ్వొద్దు, గుంజలు విడిగా నాటించండి.